ఎవరి ఉపాయం కంపెనీ అవుతుంది?

కొంతకాలం క్రితం హైదరాబాదులో మహిళలు–వ్యాపార దక్షత అనే అంశం మీద జరిగిన ఒక సదస్సుకు వెళ్లాను. జిల్లాల నుంచి పొదుపు సంఘాల ప్రతినిధులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు చాలామంది వచ్చారు. వేదిక మీది వక్త ఒకాయన ఎస్టోనియా కథ చెప్పాడు. పదమూడు లక్షల పైచిలుకు జనాభా ఉన్న ఆ దేశంలో మార్కుస్ విల్లిగ్ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు 2013లో తల్లిదండ్రుల దగ్గర ఐదు వేల యూరోలు అప్పు తీసుకుని టాక్సీలు పిలిపించే కంపెనీ పెట్టాడనీ, బోల్ట్ అనే పేరుతో అది యాభై దేశాల దాకా విస్తరించిందనీ, మీలో కూడా అటువంటి పట్టుదల రావాలనీ చెప్పి ముగించాడు. చప్పట్లు మోగాయి. నా పక్కన కూర్చున్న ఒక సంఘం లీడరు మాత్రం చప్పట్లు కొట్టలేదు. నా వైపు వంగి, "ఆ పిల్లోడి బదులు ఆడపిల్ల అయితే ఇచ్చేవాళ్లా మేడమ్? ఇచ్చేవాళ్లేలెండి, కట్నం కింద అల్లుడికి" అంది.

ఆమె మాట సదస్సులో చర్చకు రాలేదు. వేదిక దాకా వెళ్లనే లేదు. కానీ ఇటువంటి కథలు ఈ మధ్య మన శిక్షణ శిబిరాల్లోకీ, పథకాల పత్రాల్లోకీ తరచుగా వస్తున్నాయి గనుక ఆ కథను ఒకసారి విప్పి చూడటం అవసరమనిపించింది.

ముందుగా ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. ఎస్టోనియా వాళ్లు సాధించింది చిన్న విషయం కాదు. 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడివడిన దేశం అది. మన విశాఖపట్నం నగర జనాభా కూడా అంతకంటే ఎక్కువే. సొంత మార్కెట్టు అంత చిన్నది కావటంతో అక్కడ ఏ కంపెనీ పెట్టినా మొదటి రోజు నుంచే పొరుగు దేశాల వాడకందార్లను దృష్టిలో పెట్టుకోక తప్పదు. 2003లో వచ్చిన స్కైప్‌కు స్థాపకులుగా పేరు పొందినవాళ్లు ఒక స్వీడన్ దేశస్థుడు, ఒక డెన్మార్క్ దేశస్థుడు. దాన్ని తయారుచేసినవాళ్లు మాత్రం టాలిన్ నగరంలోని ఎస్టోనియా ఇంజనీర్లు. 2005లో ఈబే దాన్ని సుమారు 260 కోట్ల డాలర్లకు కొన్నది. 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకు కొని, 2025 మే నెలలో మూసేసింది. స్కైప్ పోయినా అక్కడ పనిచేసినవాళ్ల చేతికి వచ్చిన డబ్బూ అనుభవమూ మిగిలాయి. వాటి నుంచి తర్వాతి కంపెనీలు పుట్టాయి.

వాటిలో ఒకటి వైజ్. ఆ కంపెనీ పుట్టుక నాకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించింది. తావెత్ హిన్రికుస్, క్రిస్తో కార్మన్ అనే ఇద్దరు స్నేహితులు లండన్‌లో ఉండేవాళ్లు. ఒకరికి జీతం యూరోల్లో వచ్చేది, ఖర్చు పౌండ్లలో. రెండోవారికి జీతం పౌండ్లలో వచ్చేది, ఇంటి అప్పు మాత్రం ఎస్టోనియాలో కట్టాలి. బ్యాంకు ద్వారా పంపితే రుసుము ఒకటి, అసలు రేటు కంటే తక్కువ రేటు కట్టటం ద్వారా కనపడకుండా మిగుల్చుకునేది ఇంకొకటి. అందుకని వాళ్లు నెల నెలా అసలు మారకపు రేటు చూసుకుని, ఒకరు రెండోవారి ఖాతాలో ఇక్కడ వేస్తే రెండోవారు మొదటివారి ఖాతాలో అక్కడ వేసేవారు. డబ్బు సరిహద్దు దాటనే లేదు. ఆ ఉపాయమే 2011లో కంపెనీ అయింది. పదేళ్లకు, 2021లో, లండన్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు రాయచోటి గుర్తొచ్చింది. దాదాపు ఇరవై ఏళ్ల క్రితం నా పరిశోధన కోసం కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన స్త్రీలతో మాట్లాడుతూ ఆ ప్రాంతంలో కొన్ని నెలలు తిరిగాను. డబ్బు ఇంటికెలా పంపేవారని అడిగితే ఒకామె చెప్పింది: తను పనిచేసే ఇంటికి దగ్గరలోనే పక్క ఊరి ఆమె ఒకతె పనిచేసేది. ఇంటికి పంపటానికి ఇద్దరి అవసరాలూ వేర్వేరు నెలల్లో వచ్చేవి. ఈమె కొడుకు ఫీజు కట్టాల్సిన నెలలో ఈమె తన దినార్లు ఆమెకు ఇచ్చేది. ఇక్కడ ఆమె అన్న ఈమె తల్లికి రూపాయలు ఇచ్చేవాడు. ఇంకో నెల ఇది తిరగబడేది. "ఆ దుకాణమోడి కంటే మేమే మేలైన రేటు కట్టుకుంటిమి" అని నవ్వింది. నా నోటు పుస్తకంలో ఆ మాటను 'అనధికార లావాదేవీలు' అనే శీర్షిక కింద రాసుకున్నాను. ఉపాయం అని రాసుకోలేదు. అది నా చదువు నాకు నేర్పిన గుడ్డితనం.

లండన్‌లో ఇద్దరు మగవాళ్లు చేసినదీ, కువైట్‌లో ఇద్దరు ఆడవాళ్లు చేసినదీ మూలంలో ఒకటే లెక్క. ఒకటి ఆవిష్కరణ అయింది. రెండోది బయటపడితే హవాలా కేసు అయ్యేది. తేడా తెలివిలో లేదు, పట్టుదలలో అంతకంటే లేదు. ఎనిమిది మంది ఉన్న ఇంట్లో తెల్లవారకముందే లేచి, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండగా, ఏళ్ల తరబడి డబ్బు పంపగలిగిన మనిషికి పట్టుదల గురించి పాఠం చెప్పటానికి మనమెవరం? తేడా అంతా కాళ్ల కింది నేలలో ఉంది.

ఆ నేలను ఎవరు వేశారు? సదస్సులో వక్త చెప్పకుండా వదిలేసిన భాగం ఇదే. 1996లో ఎస్టోనియా ప్రభుత్వం 'పులి దూకు' అనే కార్యక్రమాన్ని ప్రకటించి, కొద్ది సంవత్సరాల్లోనే బడులన్నిటికీ కంప్యూటర్లు, ఇంటర్‌నెట్ చేర్చింది. ప్రజల డబ్బుతో చేసిన పని అది. ఆ బడుల్లో పాఠాలు చెప్పేవాళ్లలో అత్యధికులు స్త్రీలు. కొత్త యంత్రాన్ని ముందు తాము నేర్చుకుని, తర్వాత పిల్లలకు నేర్పించిన ఆ పంతులమ్మల పేర్లు ఏ కంపెనీ చరిత్రలోనూ కనపడవు. సోవియట్ కాలంలో, 1960లోనే, టాలిన్‌లో సైబర్‌నెటిక్స్ సంస్థ ఏర్పడింది. 2000లో డిజిటల్ సంతకానికి చట్టబద్ధత వచ్చింది, 2002 నుంచి అందరికీ గుర్తింపు కార్డులు వచ్చాయి. ఆ సంతకం చట్టం రూపకల్పనలో పాలుపంచుకున్న న్యాయవాది కైదీ రూసలెప్ అనే స్త్రీ. 2004లో ఎస్టోనియా యూరోపియన్ యూనియన్‌లో చేరగానే బ్రిటన్ కొత్త సభ్య దేశాల వాళ్లకు పని చేసుకునే హక్కు ఇచ్చింది. ఆ ఇద్దరు స్నేహితులు ఏ యజమాని దయ మీదా ఆధారపడకుండా లండన్‌లో ఉండగలగటానికి ఆ హక్కే కారణం. ఇంత నేల వేసిన తర్వాత దాని మీద నిలబడినవాళ్లను మాత్రమే ఫోటో తీసి, "చూడండి, స్వయంకృషి" అంటున్నారు.

పైగా ఆ నేల కూడా అందరికీ సమంగా లేదు, స్త్రీల వైపుకు వచ్చేసరికి వాలుగా ఉంది. 2021లో ఆ దేశానికి కొంతకాలం అధ్యక్షురాలూ ప్రధానీ ఇద్దరూ స్త్రీలే. ఆ సమయంలోనే స్త్రీ పురుషుల జీతాల మధ్య తేడా ఎక్కువగా ఉన్న యూరప్ దేశాల్లో అది ముందు వరసలో ఉంది. 2022లో యూరోపియన్ యూనియన్ సగటు తేడా పదమూడు శాతం దాకా ఉంటే ఎస్టోనియాలో ఇరవై శాతం దాటింది. కాన్పు తర్వాత ఏడాదికి పైగా, ఒక పరిమితికి లోబడి, పూర్తి జీతంతో సమానమైన భృతి ఇచ్చే దేశం అది. మనం కలలో కూడా ఊహించలేని సదుపాయం. కానీ దాన్ని వాడుకునేది ఎక్కువగా తల్లులే కావటంతో కంపెనీల దృష్టిలో ప్రతి యువతీ 'రేపు సెలవు పెట్టబోయే మనిషి'గా మారింది. తండ్రులకు విడిగా నెల రోజులు కేటాయించింది 2020లో మాత్రమే. సెలవు హక్కు ఇచ్చి పిల్లల పెంపకాన్ని ఆడవాళ్ల పనిగానే ఉంచితే ఆ హక్కే ఎదురు తిరుగుతుందని దీనివల్ల మనకు తెలుస్తుంది.

డబ్బు తిరిగే దారి కూడా గమనించాలి. స్కైప్‌లో సంపాదించినవాళ్లు తమకు తెలిసిన తర్వాతి వాళ్ల కంపెనీల్లో పెట్టారు. వాళ్లు పైకొచ్చి ఇంకొకరికి పెట్టారు. హిన్రికుస్ స్వయంగా స్కైప్‌లో తొలి ఉద్యోగి. మొదటి బల్ల చుట్టూ మగవాళ్లే కూర్చుంటే డబ్బు ఎన్నిసార్లు చేతులు మారినా చాలావరకు ఆ బల్ల చుట్టూనే తిరుగుతుంది. ఇందులో కుట్ర ఏమీ లేదు. మన ఊళ్లో చీటీపాట ఎలా తెలిసినవాళ్ల మధ్య నడుస్తుందో ఇదీ అంతే. కైదీ రూసలెప్ 2013లో ఫండర్‌బీమ్‌ను, కారొలి హింద్రిక్స్ 2014లో జాబాటికల్‌ను స్థాపించారు. కానీ యూరప్ అంతటా చూసినా కేవలం స్త్రీలే స్థాపించిన కంపెనీలకు చేరుతున్న పెట్టుబడి నూటికి రెండు మూడు వంతులు మించటం లేదు.

ఇంకొక దృశ్యం. రష్యా సరిహద్దులో నార్వా అనే ఊళ్లో 1857లో మొదలైన క్రీన్‌హోమ్ బట్టల మిల్లు ఉండేది. 1872లోనే అక్కడ కార్మికులు పెద్ద సమ్మె చేశారు. సోవియట్ కాలంలో అందులో వేలాది మంది పనిచేసేవారు, ఎక్కువమంది స్త్రీలు. ఆ మిల్లు 2010లో దివాలా తీసింది. అదే 2010లో టాలిన్‌లో పైప్‌డ్రైవ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మొదలై తర్వాత ప్రపంచమంతా వ్యాపించింది. నార్వాలో మాట్లాడేది ఎక్కువగా రష్యన్. మగ్గం దగ్గర నుంచి లేచిన యాభై ఏళ్ల స్త్రీకి టాలిన్ ఆఫీసులో కుర్చీ దొరకదు. చిన్న దేశం విజయగాథ అన్నప్పుడు ఆ దేశంలో ఏ ఊరు, ఏ భాష, ఏ వయసు అని మనం అడగాలి.

ఇక ప్రపంచమంతా విస్తరించటం అంటే ఏమిటి? బోల్ట్ లాంటి కంపెనీ కొత్త దేశంలోకి వెళ్లేటప్పుడు తీసుకెళ్లేది యాప్. కారు, పెట్రోలు, వాయిదాలు, ప్రమాదం, రాత్రిపూట భయం అన్నీ అక్కడి డ్రైవర్లవే. 2021లో దక్షిణాఫ్రికాలో ఆడ ప్రయాణికులకు ఆడ డ్రైవర్లను పంపే సదుపాయం పెట్టారు. మంచిదే. కానీ ఆ డ్రైవరు గర్భవతి అయితే ఆమె ఎవరి ఉద్యోగి? 2024 నవంబరులో బ్రిటన్‌లోని ఒక ట్రిబ్యునల్, బోల్ట్ డ్రైవర్లు సొంత వ్యాపారం చేసుకునే కాంట్రాక్టర్లు కారు, కనీస వేతనం, సెలవు జీతం హక్కులున్న కార్మికులు అని తీర్పు చెప్పింది. అదే సంవత్సరం ఇటువంటి కార్మికుల రక్షణ కోసం యూరోపియన్ యూనియన్ తెచ్చిన ఆదేశానికి ఫిబ్రవరిలో తగినంత మద్దతు రాలేదు. అప్పుడు మద్దతివ్వని నాలుగు దేశాల్లో ఎస్టోనియా ఒకటి. మార్చిలో వైఖరి మార్చుకున్నాకే అది ముందుకు కదిలింది. తమ పిల్లలకు నేల వేసిన ప్రభుత్వమే, ఆ పిల్లల కంపెనీల్లో పనిచేసేవాళ్లకు నేల వేయాల్సి వచ్చినప్పుడు తటపటాయించింది.

ఇదంతా మనకెందుకు? ఎందుకంటే 'వ్యాపారవేత్త' అనే మాటతో మనకు పాత అనుభవం ఉంది. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం తర్వాత ఆ స్త్రీల ఐక్యత పొదుపు సంఘాల్లోకి మళ్లింది. పొదుపు అప్పు అయింది. 2010 అక్టోబరు నాటికి మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్ల మీద ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సిన పరిస్థితి వచ్చింది. హక్కు అడగవలసిన చోట అప్పు ఇచ్చి, అప్పు తీసుకున్నామెను వ్యాపారవేత్త అని పిలిచాం. ఇప్పుడు అదే మాట ఎస్టోనియా బొమ్మతో మళ్లీ వస్తోంది. హైదరాబాదులో 2018లో ప్రభుత్వం స్త్రీల కోసం వి-హబ్ పెట్టింది. ఇటువంటివి వద్దని నేను అనటం లేదు, ఆ గడప దాకా రాగలిగినవాళ్లకు అవి ఉపయోగపడతాయి. గడప దాకా రాలేనివాళ్ల సంగతి అడగటం మన పని.

ఎస్టోనియా నుంచి నేర్చుకోవాలంటే కుర్రాడి పట్టుదల కాదు, 1996 నాటి బడి నేర్చుకుందాం. ప్రతి ప్రభుత్వ పాఠశాలలో పనిచేసే కంప్యూటరు, దాన్ని వాడటానికి ఆడపిల్లకు కూడా సమయం అడుగుదాం. అసంఘటిత రంగంలోని స్త్రీకి కాన్పు భృతి, తండ్రికి తప్పనిసరి సెలవు అడుగుదాం. గల్ఫ్ వెళ్లే స్త్రీ పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలనీ, ఆమె పంపే డబ్బులో మధ్యవాళ్లు మిగుల్చుకునేది ఎంతో రసీదు మీద రాయాలనీ అడుగుదాం. యాప్‌ల కింద పనిచేసేవాళ్లకు రాజస్థాన్ 2023లో చట్టం చేసింది. అటువంటి చట్టాల్లో బ్యూటీ పార్లరు పనీ, ఇంటిపనీ చేసే స్త్రీల పేర్లు ఉన్నాయా అని చూద్దాం.

మనలో చాలామంది శిక్షణలు నడుపుతున్నాం. వచ్చే శిబిరంలో ఎవరైనా ఐదు వేల యూరోల కథ చెబితే, వెనక వరసలో చప్పట్లు కొట్టనివాళ్ల వైపు మైకు పంపండి. నేను ఆ రోజు పంపలేదు. పంపి ఉండాల్సింది.