జాడీని షోకేసులో పెట్టకండి

చేత్తో చేసి, కట్టెలతో కాల్చిన మట్టి పాత్రల మీద ఈమధ్య మనవాళ్లకు మోజు పెరిగింది. సంతోషమే. కానీ వేలు పోసి కొన్నదాన్ని హాల్లో అద్దాల బీరువాలో పెట్టి, ఆవకాయను మాత్రం ప్లాస్టిక్ డబ్బాలోకి ఎత్తుతున్నాం. నాకు నచ్చనిది అదే.

వీటిని స్టోన్‌వేర్ అంటున్నారు. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మనకు కొత్త కాదు. పైన గోధుమరంగు, కింద తెలుపు ఉండే ఊరగాయ జాడీ ఆ జాతిదే. మన దివిసీమలో కుమ్మరి ఆవంలో కాలే కుండ వేరు. అది వెయ్యి డిగ్రీల లోపే కాలుతుంది, సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటిలోంచి చెమ్మ ఊరి ఆరుతుంది కాబట్టే ఎండాకాలం నీళ్లు చల్లగా ఉంటాయి. నీళ్లకు మేలు చేసే ఆ గుణమే ఊరగాయకు చేటు. స్టోన్‌వేర్‌కు వేరే రకం బంకమన్ను కావాలి. అది 1200 డిగ్రీలు దాటిన వేడిలో రాయిలా గట్టిపడుతుంది. పులుపుకీ ఉప్పుకీ నూనెకీ తట్టుకుంటుంది.

ఇక కట్టెలు, సోడా సంగతి. మంటతో పాటు ఎగిరిన బూడిద పాత్ర మీద పడి, కరిగి గాజుపూత అవుతుంది. పూర్వం జర్మనీలో బట్టీ బాగా కాగాక అందులో ఉప్పు చల్లేవారు. ఆ ఆవిరి మట్టితో కలిసి నిగనిగలాడే పూత వచ్చేది. ఉప్పుతో ఘాటైన ఆమ్లపు పొగ వస్తుందని తర్వాత కొందరు సోడాకు మారారు. మనం బజ్జీల పిండిలో వేసే వంటసోడా కూడా ఆ పనికొస్తుంది! మంట తగిలిన వైపు ఒక రంగు, తగలని వైపు ఇంకో రంగు వస్తాయి. అవి లోపాలు కావు.

మనకు దగ్గర్లో ఈ పనికి పేరుపడ్డది పుదుచ్చేరి. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే అమెరికన్ దంపతులు అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎందరో సొంతంగా బట్టీలు పెట్టుకున్నారు.

ధర ఎక్కువంటారు. బట్టీ పక్కన కూర్చుని గంటల తరబడి, ఒక్కోచోట రోజుల తరబడి కట్టెలు ఎగదోయాలి. అంతా అయ్యాక కొన్ని పగిలిపోతాయి. ఆ కష్టానికి బేరమాడటం నాకు మనసొప్పదు. కానీ అంత కష్టపడి చేసినవాళ్లు కోరుకునేది మనం దుమ్ము తుడుచుకుంటూ చూడటం కాదు కదా?

బరువు, పగులుతుంది, ఇద్దరికి అంత జాడీ ఎందుకు అంటారు. కిలో పట్టే చిన్నది కొనండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. చౌకరకం రంగు పూతల్లో సీసం ఉండొచ్చు, పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుంది. అందుకే ఊరగాయకు పనికొస్తుందా అని అమ్మేవాళ్లను అడగండి. ఇంటికి తెచ్చాక నీళ్లు పోసి రాత్రంతా పాత పేపరు మీద ఉంచండి. పొద్దున పేపరు తడిస్తే అందులో పూలు పెట్టుకోండి, ఆవకాయ వద్దు.

అసలు కొనేముందు ఒకసారి అటక మీద చూడండి. అత్తగారి జాడీ అక్కడే ఉండొచ్చు. దాన్ని ఎవరూ కళ అనలేదు. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ పచ్చడి కాపాడింది, అంతే. బీట లేకపోతే దింపి, కడిగి, బాగా ఎండబెట్టండి. ఈ వేసవికి కొత్తావకాయ పెట్టి వాసెన కట్టండి.