2011 లెక్కలతో 2050 నగరమా?

హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. ఆ రోడ్డుకు అటూ ఇటూ ఏ ఊళ్లో గజం ఎంత పలుకుతుందో, ఏ సర్వే నంబరు మీదుగా కొత్త రోడ్డు వెళ్తుందో ఏ రియల్ ఎస్టేట్ ఏజెంటును అడిగినా చెబుతాడు. అదే సర్వే నంబరు ఒకప్పుడు ఎవరి లావుణి పట్టా భూమో, ఆ భూమి పోయాక ఆ కుటుంబం ఎటు వెళ్లిందో, వాళ్ల పిల్లలు ఇప్పుడు ఏ పని చేస్తున్నారో అడిగితే చెప్పేవాళ్లు ఉండరు. శివార్ల భవిష్యత్తు మీద జరుగుతున్న చర్చలో అసలు లోటు ఇదే. భూమికి లెక్క ఉంది, పెట్టుబడికి లెక్క ఉంది, మనుషులకు లేదు. ముఖ్యంగా వాడల్లోని మనుషులకు లేదు.

హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ప్రాంతానికి 2031 లక్ష్యంగా ఉన్న మాస్టర్ ప్లాన్ 2013లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 2050 లక్ష్యంగా కొత్త మాస్టర్ ప్లాన్ తయారవుతోంది. దానికి ఆధారంగా చేతిలో ఉన్న చివరి జనగణన 2011 నాటిది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. కులగణనతో కూడిన తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని గణన తేదీగా కేంద్రం ప్రకటించింది. లెక్క వచ్చాక ప్లాన్ గీయాలా, ప్లాన్ గీశాక లెక్క చూసుకోవాలా? ఇది సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, శివార్లలోని దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పాతికేళ్ల బతుకు దీని మీద ఆధారపడి ఉంది.

పాత లెక్కలే ఏం చెబుతున్నాయో ముందు చూద్దాం. 2001–2011 మధ్య హైదరాబాద్ జిల్లా జనాభా పెరిగింది సుమారు 3 శాతమే. అదే పదేళ్లలో దాన్ని చుట్టి ఉన్న ఉమ్మడి రంగారెడ్డి జిల్లా జనాభా సుమారు 36 లక్షల నుంచి 53 లక్షలకు, అంటే 48 శాతం పెరిగింది. నగరం నడిబొడ్డున పెరగడం దాదాపు ఆగిపోయి అంచుల్లో పెరుగుతోందని దీని అర్థం. ఆ తర్వాత రాష్ట్రం విడిపోయింది, జిల్లాలు మారాయి, ఆదిబట్ల, కోకాపేట, కొల్లూరు, తుక్కుగూడ వంటి ఊళ్ల రూపమే మారిపోయింది. ఈ మార్పులో ఏదీ 2011 లెక్కలో ఉండదు.

ఈ పెరుగుదల పుట్టుకల వల్ల వచ్చింది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లలు 1.8 మంది. ఒక తరం తన స్థానాన్ని తాను నింపుకోవడానికి కావాల్సిన 2.1 కన్నా ఇది తక్కువ. కాబట్టి శివార్లలో జనం పెరుగుతున్నారంటే ప్రధానంగా వలస వల్లనే. ఆ వలస రెండు రకాలు. ఒకరు కంపెనీ ఆఫర్ లెటర్ పట్టుకొని వస్తారు. మరొకరు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి వస్తారు. మొదటివారిని ప్లానర్లు ‘డిమాండు’ అంటారు. వారి కోసం ఫ్లాట్లు, మెట్రో మార్గాలు, పాఠశాలలు, పార్కులు లెక్క వేస్తారు. రెండోవారికి ప్లాన్‌లో పేరు లేదు. పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చినవాళ్లు, బిహార్, జార్ఖండ్‌ల నుంచి సెంట్రింగ్ పనికి వచ్చినవాళ్లు, ఒడిశాలోని బలంగీర్, నువాపడ జిల్లాల నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన దళిత, ఆదివాసీ కుటుంబాలు ఈ నగరాన్ని కడతారు. కట్టడం అయిపోగానే రేకుల షెడ్డు విప్పేసి ఇంకో సైటుకు వెళ్తారు. 2050 వరకూ నగరం కడుతూనే ఉంటే, ఈ కూలీలు కూడా 2050 వరకూ ఇక్కడే ఉంటారు. వాళ్లను తాత్కాలికం అనడం లెక్క తప్పించుకోవడానికే.

ఇక ఆర్థిక ధోరణి. రాష్ట్ర ప్రభుత్వ సామాజిక ఆర్థిక నివేదిక ప్రకారం 2022–23లో రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయం 9 లక్షల రూపాయలు దాటింది. రాష్ట్రంలో అదే మొదటి స్థానం, హైదరాబాద్ జిల్లాకు దాదాపు రెట్టింపు. ఈ అంకె చూసి మురిసిపోయే ముందు అది దేన్ని కొలుస్తుందో గుర్తు పెట్టుకోవాలి. జిల్లా హద్దుల్లో జరిగిన ఉత్పత్తి విలువను జిల్లా జనాభాతో భాగిస్తే వచ్చేది ఇది. ఐటీ కంపెనీ ఆదాయం ఆ జిల్లా ఖాతాలో పడుతుంది. ఆ కంపెనీ అద్దాలు తుడిచే మనిషి ఆ జిల్లా జనాభాలో ఉంటే, ఆమె వంతు కూడా 9 లక్షలే అని కాగితం చెబుతుంది. 2022–23లో తెలంగాణ ఐటీ రంగంలో 9 లక్షల మందికి పైగా పనిచేస్తున్నారని, ఎగుమతులు 2.41 లక్షల కోట్లని ప్రభుత్వం ప్రకటించింది. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు లేవు. ఆ 9 లక్షల మందిలో ఎవరు ఎంతమందో కులాలవారీగా చెప్పే బాధ్యత కంపెనీల మీద లేదు. సగటు అంకె వెనక కులం ఇంత సులువుగా దాక్కుంటుంది.

ఇంకో ధోరణి భూమి ధర. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్‌ఎండీఏ వేలంలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. భూమి అమ్మకం ప్రభుత్వాలకు ఆదాయ వనరుగా మారింది. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల కోసం హైదరాబాద్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రోడ్డెక్కితే, చివరికి సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంటే తప్ప బుల్డోజర్లు ఆగలేదు. ఆ పోరాటం దేశం దృష్టిలో పడింది. ఏ విశ్వవిద్యాలయమూ పక్కన లేని వాడల భూముల గురించి అంత చర్చ ఎప్పుడూ జరగలేదు.

అసైన్డ్ భూముల కథ తెలియకుండా శివారు నగరం కథ అర్థం కాదు. భూమిలేని పేదలకు, అందులో ఎక్కువగా దళితులకు, ప్రభుత్వం పంచిన భూములను ఇతరులకు అమ్మడానికి వీల్లేదని 1977 చట్టం చెబుతుంది. పేదవాడి చేతిలో భూమి నిలవాలన్నది దాని ఉద్దేశం. కానీ ఆ చట్టం అమ్ముకునే హక్కును ఆపగలిగింది కానీ లాక్కోవడాన్ని ఆపలేకపోయింది. ‘ప్రజా ప్రయోజనం’ అనే మాటతో ప్రభుత్వమే భూమిని వెనక్కి తీసుకోవచ్చు. పక్కపక్క చేలలో పట్టాదారుకు ఒక ధర, అసైన్డ్ రైతుకు అంతకన్నా తక్కువ ధర ఇచ్చే పద్ధతి చాలాకాలం నడిచింది. ఇది చెల్లదని, అసైన్డ్ రైతుకు కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చింది ఇదే రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల డివిజన్ కేసులో. తీర్పు పుట్టిన నేల మీదనే అది ఎంతవరకు అమలైందో ప్రతి భూసేకరణలో అడగాల్సి వస్తోంది.

2013 భూసేకరణ చట్టం ఇంకో రెండు హక్కులు ఇచ్చింది. పట్టణీకరణ కోసం భూమి తీసుకుంటే, అభివృద్ధి చేసిన భూమిలో 20 శాతాన్ని భూమి కోల్పోయిన కుటుంబాల కోసం పక్కన పెట్టి, సేకరణ, అభివృద్ధి ఖర్చుకే వాళ్లకు ఇవ్వజూపాలి. భూమి కోల్పోయిన షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి కోల్పోయినంత భూమి గానీ రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది, భూమిగానే ఇవ్వాలి. ఈ హక్కులు రెండో షెడ్యూలులో స్పష్టంగా ఉన్నాయి. 2017లో రాష్ట్రం చేసిన సవరణ పునరావాసానికి బదులు ఏకమొత్తం డబ్బు ఇచ్చే దారి తెరిచింది. అసైన్డ్ భూమిని సేకరణ కింద కాకుండా ‘తిరిగి స్వాధీనం’ పేరుతో తీసుకుంటే ఈ చట్టమే వర్తించదన్న వాదన కూడా ముందుకు వస్తుంది. ఇలా హక్కు కాగితం మీద మిగిలి, చేతికి ఒక చెక్కు వస్తుంది. ఆ చెక్కుతో ఆ చుట్టుపక్కల సెంటు భూమి కూడా దొరకదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తక్షణమో దక్షిణ రంగారెడ్డి వైపు చూస్తే తెలుస్తుంది. అక్కడ 7 మండలాల్లోని 56 గ్రామాలను కలిపి సుమారు 765 చదరపు కిలోమీటర్లలో ‘ఫ్యూచర్ సిటీ’ కోసం 2025లో ప్రత్యేక అభివృద్ధి సంస్థ ఏర్పడింది. అందులోని యాచారం, కందుకూరు ప్రాంతాల్లో ఫార్మా సిటీ కోసం జరిగిన భూసేకరణ మీద రైతులు ఏళ్ల తరబడి పోరాడుతున్నారు. ఈ 56 గ్రామాల్లో ప్రతి ఊరికీ ఒక వాడ ఉంది, చాలాచోట్ల తండాలు ఉన్నాయి. 2050 నాటి పటం మీద అవి ఎక్కడ ఉంటాయి? నివాస ప్రాంతంగానా, గ్రీన్ బెల్టుగానా, వంద అడుగుల రోడ్డుగానా?

ఊరు పట్టణంగా మారినప్పుడు పోయేవి ఇంకా ఉన్నాయి. గ్రామీణ ఉపాధి హామీ పని పట్టణానికి వర్తించదు. పొలం పోయి, ఉపాధి పని కూడా పోయి, ఇంటి పన్ను మాత్రం పెరుగుతుంది. పంచాయతీలో దళిత మహిళ సర్పంచి కాగలిగిన ఊరు, పెద్ద కార్పొరేషన్‌లో ఒక వార్డులో చిన్న ముక్కగా మిగులుతుంది. 2025 చివరలో శివార్లలోని 27 పురపాలక సంస్థలను గ్రేటర్ హైదరాబాద్‌లో కలపాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. వార్డు హద్దులు గీసేటప్పుడు వాడలన్నీ ఒకచోట పడతాయా, నాలుగు వార్డుల్లోకి చీలిపోతాయా అన్నది రాజకీయ ప్రాతినిధ్యాన్ని నిర్ణయిస్తుంది. దాన్ని 2011 లెక్కతో నిర్ణయించడమంటే పద్నాలుగేళ్లుగా వచ్చినవాళ్లందరినీ లేనట్టు చూడటమే.

దీనికి ఒక జవాబు తరచుగా వినిపిస్తుంది. ‘నగరం కులాన్ని కరిగిస్తుంది, మీ అంబేడ్కరే పల్లె వదిలి పట్టణానికి పొమ్మన్నాడు కదా’ అని. అంబేడ్కర్ పల్లెను ఆదర్శంగా చూడలేదన్నది నిజం. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఆయన ఆ మాట నిర్మొహమాటంగా చెప్పారు. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో, భూమి మీద బతికే జనభారాన్ని పరిశ్రమలు తీసుకోవాలని వాదించారు. మేమూ పల్లెను కాపాడమని అడగడం లేదు. కానీ ఆయన అడిగింది పొలం నుంచి బయటపడిన మనిషికి పరిశ్రమలో చోటు. శివారు నగరంలో జరుగుతున్నది వేరు. పొలం పోయినవాడికి దొరుకుతున్నది వాచ్‌మన్ పని. అతని భార్యకు దొరుకుతున్నది అదే అపార్ట్‌మెంటులో అంట్లు తోమే పని. వాళ్ల పొలంలోనే లేచిన అపార్ట్‌మెంటు అది కావచ్చు కూడా.

నగరం కులాన్ని కరిగిస్తుందన్న మాటకు ఆధారాలు కూడా లేవు. దేశంలోని ఏడు పెద్ద నగరాల 2001 జనగణన లెక్కలను వార్డులవారీగా పరిశీలించి త్రినా వితయతిల్, గాయత్రీ సింగ్ 2012లో ప్రచురించిన అధ్యయనం, ఆర్థిక స్థితిని బట్టి కన్నా కులాన్ని బట్టే నివాసాలు ఎక్కువగా వేరుపడి ఉన్నాయని చూపించింది. ఆ ఏడింటిలో హైదరాబాద్ ఒకటి. సుఖదేవ్ థొరాట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం దళితులు, ముస్లింలు ఎలా తిరస్కరణకు గురవుతారో నమోదు చేసింది. పేదల ఇళ్ల పథకాలు కూడా ఈ దూరాన్ని తగ్గించలేదు. కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఒకేచోట కట్టారు. ఇల్లు దొరకడం చిన్న విషయం కాదు. కానీ నగరం లోపల బస్తీలో ఉండి నాలుగిళ్లలో పనిచేసే స్త్రీకి అంచున ఇల్లు ఇస్తే, ఇల్లూ పనీ రెండు చోట్ల అవుతాయి. బస్సు ఖర్చు, సమయం పోయాక ఆమెకు ఏం మిగులుతుందన్న లెక్క ఏ ప్లాన్‌లోనూ ఉండదు.

కాబట్టి మా డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఒకటి, 2050 ప్లాన్‌లోని జనాభా అంచనాలను, భూవినియోగ నిర్ణయాలను 2027 జనగణన వివరాలు వచ్చాక తిరిగి సవరించడాన్ని తప్పనిసరి చేయాలి. 2024 చివరలో రాష్ట్రం జరిపిన కుటుంబ సర్వే ప్రకారం ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, బీసీలు 56 శాతానికి పైగా ఉన్నారు. రాష్ట్రం మొత్తానికి చెప్పిన ఈ అంకెలు ప్లానింగుకు చాలవు. వాడవారీగా, తండావారీగా కావాలి. రెండు, గణన జరిగే ఫిబ్రవరి నెల ఇటుక బట్టీల సీజను. బట్టీల్లో, లేబర్ క్యాంపుల్లో ఉన్నవాళ్లను అక్కడికే వెళ్లి లెక్కించాలి, పనిచేసే చోటుకు దగ్గరలో వారికి అద్దె ఇళ్లను ప్లాన్‌లో భాగం చేయాలి. మూడు, అసైన్డ్ భూమికి సమాన పరిహారం, 20 శాతం అభివృద్ధి చేసిన భూమి, ఎస్సీ, ఎస్టీలకు భూమికి భూమి అనే మూడింటినీ ఫ్యూచర్ సిటీలో గ్రామాలవారీగా అమలు చేసి జాబితాలు బహిరంగపరచాలి. నాలుగు, రాజ్యాంగం 243జెడ్‌ఈ అధికరణ ప్రకారం మహానగర ప్రణాళిక కమిటీలో కనీసం మూడింట రెండు వంతుల మంది ఎన్నికైన స్థానిక ప్రతినిధుల నుంచి రావాలి. ప్లాన్‌ను నియమితులైన అధికారులు గీసి, ప్రజలకు అభ్యంతరాల గడువు మాత్రం ఇవ్వడం ఆ అధికరణ స్ఫూర్తి కాదు.

విద్యార్థులు, పరిశోధకులు చేయగలిగిన పని కూడా ఉంది. ఈ 56 గ్రామాల్లో పాత పహాణీలు, అసైన్‌మెంట్ రికార్డులు ఇంకా ఉన్నాయి. ఏ భూమి ఎవరి పేరు మీద ఉందో గుర్తున్న పెద్దలు ఇంకా ఉన్నారు. ముసాయిదా ప్లాన్ బయటికి వచ్చాక అభ్యంతరం రాయడానికి దొరికేది కొద్ది వారాలే. ఆలోపు ఒక్కొక్కరు ఒక్కో ఊరు తీసుకొని వాడ హద్దు, పోయిన భూమి, అందిన పరిహారం, మారిన పని నమోదు చేసి పెట్టుకుంటే, ఆ రోజు మన చేతిలో ఆవేదనతో పాటు రుజువు కూడా ఉంటుంది.