ముక్కుకి ఫెయిల్ మార్కులు వేసిందెవరు?

మనిషి ముక్కు మొద్దుది, జంతువుల ముక్కే ముక్కు. ఈ మాట స్కూల్లో విన్నాం, క్విజ్ పుస్తకాల్లో చదివాం. అసలు దీన్ని ఎవరైనా పరీక్షించి చెప్పారా? ఈ సంగతి తవ్వి తీసినాయన అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీ న్యూరోసైంటిస్ట్ జాన్ మెక్‌గాన్. 2017లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంలో ఇదంతా 19వ శతాబ్దపు అపోహ అని తేల్చేశాడు.

అపోహకి మూలం పాల్ బ్రోకా. మాట పలికించే భాగం మెదడులో ఎక్కడుందో 1861లో చూపించిన ఫ్రెంచ్ డాక్టరు ఈయనే. మనిషి మెదడులో ముందు భాగం పెద్దది, వాసనకి సంబంధించిన ఆల్ఫాక్టరీ బల్బ్ దానితో పోలిస్తే చిన్నది. కాబట్టి మనిషి వాసన వెంట పరిగెత్తడు, ఆలోచించి నడుచుకుంటాడు అని ఆయన లెక్క. ఆ లెక్కతోనే మనల్ని వాసన చూడని జీవుల జాబితాలో వేసేశాడు. ఎవరి ముక్కు దగ్గరా ఏమీ పెట్టి చూడలేదు! బల్బ్ మిగతా మెదడుతో పోలిస్తే చిన్నదే గానీ, అందులో న్యూరాన్ల సంఖ్య చాలా క్షీరదాల్లో ఇంచుమించు ఒకటేనని మెక్‌గాన్ వాదన.

పరీక్ష పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. బర్క్‌లీలో 32 మందికి కళ్లకి గంతలు కట్టి, చెవులు మూసి, చేతులకి గ్లవ్స్ వేసి, గడ్డిలో గీసిన చాక్లెట్ వాసన గీత వెంట నాలుగు కాళ్ల మీద వెళ్లమన్నారు. 10 మీటర్ల గీత. 21 మంది చివరిదాకా వెళ్లారు. కొన్నాళ్లు ప్రాక్టీసు చేయిస్తే వేగం కూడా పెరిగింది. 2007లో అచ్చయిన పేపర్ ఇది. ఫొటోలు చూస్తే నవ్వొస్తుంది గానీ, ఫలితం నవ్వులాట కాదు.

నన్ను బాగా పట్టేసింది మాత్రం లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ చేసిన పని. 1991లో వాళ్లు వాసన గ్రాహకాల జీన్లని కనిపెట్టారు, 2004లో నోబెల్ వచ్చింది. మనలో పనిచేసే గ్రాహకాలు 400 రకాల దాకా ఉంటాయి. ఒక్కో వాసనకి ఒక్కో గ్రాహకం కాదు. ఒక వాసన కొన్నింటిని కదిలిస్తుంది, ఇంకో వాసన ఇంకొన్నింటిని, ఆ కలయికే దాని గుర్తు. 8 బిట్లతోనే 256 రకాలు రాసుకుంటాం మనం. ఇక్కడ 400 ఉన్నాయి. (బయాలజీ వాళ్లు తిట్టకండి, గ్రాహకం ఒట్టి ఆన్, ఆఫ్ స్విచ్ కాదని తెలుసు.)

వంట గ్యాస్‌కి అసలు వాసనే లేదు. లీకైతే మనం పసిగట్టాలని అందులో కావాలని కంపు కలుపుతారు. మొద్దు ముక్కుని నమ్మి ఎవరైనా అంత పని చేస్తారా?

మరి ముక్కు ఇంత బాగుంటే, వాసన గురించి చెప్పమంటే ఎందుకు తడబడతాం? కొరత మాటల్లో ఉందని నా అభిప్రాయం. ఆసిఫా మజీద్, నిక్లాస్ బురెన్‌హల్ట్ 2014లో మలయ్ ద్వీపకల్పం అడవుల్లో ఉండే జహాయ్ అనే జనంతో ఒక పరిశోధన చేశారు. వాళ్లు రంగుల పేర్లు చెప్పినంత తేలిగ్గా వాసనల పేర్లు చెప్పారు. పులుల్ని రప్పించే నెత్టురు వాసనకి కూడా వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట ఉంది. అవే వాసనలకి ఇంగ్లీషు వాళ్లు తడుముకుంటూ పొడుగు వర్ణనలు చెప్పారు. దాల్చినచెక్కకి కూడా.

ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకూ గుడ్ స్మెల్, బ్యాడ్ స్మెల్ రెండే గతి. మా అమ్మమ్మ అలా కాదు. గుడ్డు కొట్టిన గిన్నె నీచు వాసన, పాత బియ్యం ముక్క వాసన, వేగని మసాలా పచ్చి వాసన, జుట్టు కాలితే కమురు కంపు. ఒక్కో మాట వెనక చెయ్యాల్సిన పని కూడా ఉంటుంది. ముక్క వాసన అంటే ఎండలో పొయ్యాలి, పచ్చి వాసన అంటే ఇంకాసేపు వేయించాలి. పొయ్యి మీద కూర 'ఘుమఘుమ' అంటే వాసనకి చప్పుడు కూడా వచ్చేసింది, చూడండి.

మన క్లబ్ వాళ్లకి ఒక మాట. పద్యాల పోటీ ఎలాగూ పెడతాం. ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు వంటింట్లో కాసేపు కూర్చుని, వినపడ్డ వాసన మాటలన్నీ రాసుకుని రండి. ఏ ఊళ్లో విన్నారో పక్కన రాయండి. శ్రీకాకుళం వాళ్ల లిస్టు, ఆదిలాబాద్ వాళ్ల లిస్టు ఒకేలా ఉంటాయని నేనైతే అనుకోను.