నగారా కొట్టే అన్న పోయిండని టీమ్ బంద్ చేస్తమా?



సుల్తాన్‌పూర్, పటాన్‌చెరు వైపు చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం ఈ పోస్టు. ఫైనల్ ఇయర్ అయిపోగానే నగారా కొట్టే అన్న పాశమైలారంలో షిఫ్ట్ డ్యూటీకి పోతడు. నగారా హాస్టల్ రూములో మూలకు పడ్తది. "ఆయన లెక్క ఎవరు కొడ్తరు?" అని టీమ్ బంద్ పెడ్తం. నా పేచీ ఈ మాటతోనే.

ఢిల్లీ రాక్ బ్యాండ్ ఇండియన్ ఓషన్ సంగతి చూడండి. అషీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూనే పాడేవాడు. 2009 డిసెంబర్‌లో చనిపోయిండు. ఒక్క మనిషితో గొంతూ పోయింది, తాళమూ పోయింది. ఆయన జాగాలో ఇద్దరు వచ్చిన్రు: పాటకు హిమాంశు జోషి, తబలాకు తుహీన్ చక్రవర్తి. 2013లో గిటారిస్టు సుష్మిత్ సేన్ కూడా బయటికి పోయిండు, నిఖిల్ రావ్ వచ్చిండు. 2014లో 'తందాను' ఆల్బమ్ తెచ్చిన్రు. పాత గొంతును నకలు కొట్టలేదు. శుభా ముద్గల్, శంకర్ మహదేవన్, విశ్వమోహన్ భట్ లాంటోళ్ళను పిలిచి, హిందుస్తానీ, జానపదం, రాక్ అన్నీ ఒక్కకాడ కలిపిన్రు.

నిజం చెప్పాలంటే నాకు 2000లో వచ్చిన 'కందీసా' ఆల్బమే ఎక్కువ ఇష్టం. 'తందాను'లో అక్కడక్కడ అతిథే పాటను మింగేసిండు. అయినా వాళ్ళు ఎంచుకున్న దారి కరెక్టు. మన హైదరాబాద్ 'చౌరస్తా' బ్యాండ్ కూడా రామ్ మిర్యాల పోయినంక ఆగలేదు కదా.

ఒక్క విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. ఇదే బ్యాండ్ 2003లో 'ఝీనీ' ఆల్బమ్‌లో 'ఛీతూ' పాడింది. అది నర్మద లోయ ఆదివాసుల పాట. వాళ్ళ బేస్ గిటారిస్టు రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో తిరిగినోడు, అక్కడి పాటల విలువ తెలిసినోడు. మరి 'తందాను'కు పిలిచిన అతిథులేమో అప్పటికే పేరు మోసినోళ్ళు. పాట అడవిది, కుర్చీ పట్నమోళ్ళది అన్నట్టయింది.

మనకాడ ఆ ఇబ్బంది లేదు, పాట మనదే, కొట్టేటోళ్ళూ మనోళ్ళే. బయట మన తెగల మధ్య పంచాయితీలు ఎట్లున్నా, హాస్టల్‌లో లంబాడా పిల్లగాడు, గోండు పిల్లగాడు, కోయ పిల్లగాడు ఒకే మెస్‌లో తింటున్నరు. నగారా అన్న పోతే కోయ తమ్ముడి డోలు ఎందుకు పెట్టొద్దు? తీజ్ పాటకు ఆ దెబ్బ అచ్చం పాతదాని లెక్క ఉండదు, ఉండొద్దు కూడా. గిటార్ వచ్చిన తమ్ముడుంటే వాణ్ణీ కూసోబెట్టండి. కాకపోతే డోలు గిటార్ వెనకాల సౌండ్ ఎఫెక్ట్ కావొద్దు, వీడియో పెట్టినప్పుడు కొట్టినోళ్ళ పేరు, పాట నేర్పిన తండా, గూడెం పేరు కింద రాయాలె.

ఆగస్టు 9 ప్రోగ్రామ్‌కు ఎవరెవరు వస్తరో కామెంట్‌లో చెప్పండి. మూలకున్న నగారాకు తోలు కూడా మార్పియ్యాలె.