గుఱ్ఱం వేరు, గుర్రం వేరట!

గుఱ్ఱం జాషువా అని వెతికితే కొన్ని వ్యాసాలు. గుర్రం జాషువా అని వెతికితే వేరే కొన్ని. అక్షరాన్ని అక్షరంతో పోల్చి ఊరుకునే ఏ సైట్లోనైనా జరిగేది ఇదే. కవి ఒక్కడే, కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు.

అదే సైట్లో ఇంగ్లిష్ పేరు వెతికేవాడికి ఈ బాధ ఉండదు. మొదటి అక్షరం కేపిటల్ కొట్టినా స్మాల్ కొట్టినా ఫిల్టర్ పట్టించుకోదు. డ్రుపల్ వెనక మైఎస్‌క్యూఎల్ ఉంటే ‘సీఐ’తో ముగిసే కొలేషన్ ఆ పని చేసిపెడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ‘లైక్’ తేడా చూస్తుంది కాబట్టి ‘ఐలైక్’ వాడతారు. అంటే ఎవరో కూర్చుని, ఈ తేడా వెతికేవాడికి అనవసరం అని నిర్ణయించారన్నమాట. ఈ వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, మన తేడాల గురించి అలా కూర్చునే ఓపిక మనకి లేదు.

“తెలుగుకి కేపిటల్ లెటర్లే లేవు కదా, ఇంకేం సమస్య?” అంటారు. సమస్య అక్కడే ఉంది. లోయర్ కేస్ చేసే ఫంక్షన్‌కి తెలుగు ఇస్తే ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగొస్తుంది. మన తేడాలు వేరు: ర-ఱ, వాడు-వాఁడు, రాయడం-వ్రాయడం. ఇవి చాలక ‘సాఫ్ట్‌వేర్’ మధ్యలో కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి (అది లేకపోతే ట కింద వ ఒత్తు వచ్చి కూర్చుంటుంది). యూనికోడ్ నార్మలైజేషన్ చేసేస్తే సరి అనుకునేవాళ్ళున్నారు. అది ర, ఱలను కలపదు, ఆ కనబడని గుర్తునీ తీయదు.

పాత పుస్తకాలు ఎక్కించేటప్పుడే కొత్త స్పెల్లింగులోకి మార్చేద్దాం అనేవాళ్ళతో నాకు అసలు గొడవ. ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ అంటే 7. వెతుకులాట కోసం మూలప్రతిని దిద్దే హక్కు ఎవరిచ్చారు? పాఠం అలాగే ఉంచండి. పక్కన వెతకడానికి ఇంకో కాలమ్ పెట్టి, అందులో ఱని ర చేసి, అరసున్నా జాయినరూ తీసేయండి. పాఠకుడు కొట్టిన మాటకీ అదే చేయండి. అచ్చంగా సరిపోయినవి పైన చూపించండి. వ్రాత-రాతలకి చిన్న పదపట్టిక కావాలి, అది ఎడిటర్లు చేయాల్సిన పని. కొన్ని అక్కర్లేని ఫలితాలు వస్తాయి, రానివ్వండి. ఇంగ్లిష్‌వాడు టర్కీ దేశాన్నీ టర్కీ కోడినీ ఒకే జాబితాలో చూసుకుని బతకట్లేదా?

‘ఫలితాలు లేవు’ అని తెర మీద కనబడితే ఇరవయ్యేళ్ళ పాఠకుడు స్పెల్లింగ్ మార్చి మళ్ళీ కొట్టడు. ఱ ఎలా టైప్ చేయాలో కూడా తెలియకపోవచ్చు. ఈ కవి గురించి ఎవరూ ఏమీ రాయలేదనుకుని పక్క ట్యాబ్‌కి పోతాడు.