విత్తనమునకు యజమాని యెవరు?

హైదరాబాదు నుండి శంషాబాదునకు బోవు విశాలమైన బాటపై పయనించు మన చదువరులలో ననేకులు విమానము తప్పిపోవునేమో యను తొందరలో నుందురు గనుక, బాట కిరుప్రక్కల నేమున్నదో చూచియుండరు. 2008 మార్చి నెలలో బేగంపేట విమానాశ్రయమును విడిచి విమానము లిచ్చటికి వచ్చినవి. వాని కొఱకు సేకరింపబడిన భూమి సుమారు 5,500 ఎకరములు. దాని వెంబడి చుట్టుపట్ల పొలములలో హద్దురాళ్లు లేచినవి, జొన్నచేలు ప్లాట్లయినవి. జలాశయముల రక్షణకై 1996లో 84 గ్రామములలో కట్టడములపై విధించిన నిర్బంధము సయితము 2022లో సడలింపబడెను. భూమి వెలను గూర్చి వాదించువారు వీధివీధినా కలరు. ఆ భూమిలో మొలచుచుండిన విత్తన మేమయ్యెనని యడిగినవారిని మాత్రము మేమింతవరకు చూడలేదు.

మూడేండ్ల క్రిందట ఆ ప్రాంతమున నొక పల్లెలో బంధువుల యింట వివాహమునకు వెళ్లియుంటిమి. ఆ యింటి ముసలమ్మ మమ్ము లోపలి గదిలోనికి పిలిచి, మూతికి పేడ మెత్తిన మట్టికుండ నొకదానిని చూపినది. అందులో బూడిదయు నెండిన వేపాకును గలిపి దాచిన పచ్చజొన్న విత్తనము. అది తన యత్తగా రిచ్చినది. ప్రతియేట కోతకు ముందు తానే చేనిలో దిరిగి, గింజ నిండినవియు, పురుగు ముట్టనివియు, వాన తక్కువైనను నిలిచినవియు నగు కంకులను ఏరి కట్టలు గట్టి, నలువది యేండ్లుగా దాని నామె నిలుపుకొనుచు వచ్చినది. కుమారుడు చదువుకొన్నవాడు, భూమి నమ్మి పట్టణమున నిల్లు కొన్నాడు. "భూమికి కాయిదం ఉండె బిడ్డా, కొడుకు పేరు మీద ఉండె, అమ్మిండు. ఈ ఇత్తనానికి కాయిదం లేదు. ఇది ఎవ్వరిదనుకోవాలె?" అని యామె మమ్మడిగెను. మేము పట్టభద్రులము, దినమునకు రెండు వార్తాపత్రికలు చదువువారము. బదులు చెప్పలేక చాయ త్రాగి తిరిగి వచ్చితిమి.

ఆ ప్రశ్నకు బదులు మన దేశపు శాసనములోనే యున్నదని యా పిమ్మట తెలిసినది. 1995లో నేర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థ నియమముల ననుసరించి సభ్యదేశములు మొక్కల రకములకు పేటెంటు గాని, వేఱొక విధమైన రక్షణ గాని కల్పింపవలసి వచ్చెను. పాశ్చాత్యదేశములలో బెక్కింటికి 1961 నుండియు ఉపోవ్ అను నొడంబడిక యుండెను. 1991 నాటి సవరణతో దానియందు రైతు తన పంటలోని గింజను దాచుకొని మరల విత్తుట హక్కు గాక, ఆయా ప్రభుత్వము లిష్టపడినచో నిచ్చు మినహాయింపుగా మాఱినది. మన పార్లమెంటు ఆ త్రోవను బోక, 2001లో మొక్కల రకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టమును సొంతముగా జేసెను. క్రొత్త రకమును బుట్టించినవానికి పైరులలో 15 ఏండ్లు, చెట్లలో 18 ఏండ్లు ప్రత్యేకహక్కు దీనివలన లభించును. అందు మేము తప్పు పట్టము; శ్రమకు ఫలము న్యాయమే. కాని యీ చట్టము 39వ సెక్షనులో మఱియొక మాట చెప్పినది. చట్టము రాకముందు రైతు ఏవిధముగా దన పంటను, రక్షితరకపు విత్తనముతో గూడ, దాచుకొనుచు, విత్తుకొనుచు, మార్చుకొనుచు, పంచుకొనుచు, అమ్ముకొనుచు నుండెనో, ఆవిధముగనే యిప్పుడును జేయవచ్చును. బ్రాండు పేరు ముద్రించిన సంచిలో బెట్టి యమ్మరాదనుట యొక్కటియే నిషేధము.

ఇక రైతనగా నెవడు? పట్టాదారు పాసుపుస్తకము గలవాడని మనవారి యూహ. చట్టము చెప్పున దది కాదు. స్వయముగా సాగు చేయువాడును, దగ్గఱనుండి చేయించువాడును గాక, సంప్రదాయ రకములను కాపాడుచు, మేలైన గుణముల నేరి వానికి విలువ పెంచువా డెవడైనను రైతేయని 2వ సెక్షను చెప్పుచున్నది. ఈ మూడవ తెగలో భూమి ప్రసక్తియే లేదు. అనగా, పేరున సెంటు భూమి లేని యా ముసలమ్మ శాసనము దృష్టిలో రైతు. భూమి నమ్మిన కొడుకు ఇక కాడు! ఆమె కుండలోని గింజవంటి రకములను రైతురకములుగా నమోదు చేయించుకొనవచ్చును. అందుకు రైతు రుసుము చెల్లింపనక్కఱలేదు. రైతురకమునుండి యెవరైనను మఱియొక రకమును రూపొందించి లాభము పొందదలచిన, దానిని కాపాడినవారి సమ్మతి గొనవలెనని 43వ సెక్షను శాసించుచున్నది. ఇరువదేండ్లకు మించి యీ యక్షరములు పుస్తకములో నున్నవి. వీనిని చదివి యామెకు వినిపింపవలసిన వారెవరు?

విత్తనము దాచుకొనుట యనాగరికమనియు, ఏటేట కొనువాడే తెలివిగల రైతనియు మన మిత్రులు కొందఱు వాదింతురు. సంకరజాతి విత్తనమును దాచి మరల విత్తినచో మఱుసటి తరమున గుణములు చెదరి పైరు సమముగా రాదనుట నిజమే. ప్రత్తి, మొక్కజొన్నలలో రైతు లధికముగా గొనుచున్నది సంకర విత్తనమే. కాని వరి మాట యేమి? మనమందఱము తినుచున్న సాంబమసూరి బాపట్ల పరిశోధనాక్షేత్రమునుండి 1986లో వెలువడినది. తెలంగాణ సోన శంషాబాదున కామడ దూరమైన లేని రాజేంద్రనగరమున బుట్టినది. ఇవి సూటిరకములు, ప్రజాధనముతో బుట్టినవి. పొరుగువాని కళ్లములోని గింజను గుంచెడు మార్చుకొని విత్తినను ఆ రకమే పండును. ఇట్టి మార్పిడిని దొంగతన మని పేర్కొనువారు తమ పళ్లెములోని యన్న మే త్రోవను వచ్చినదో యెఱుగరు.

దొంగతనమను మాట మే మూరక వ్రాయలేదు. 2019లో గుజరాతులో నలుగురు చిన్న రైతులపై పెప్సీకో సంస్థ, తన బంగాళాదుంప రకమును అనుమతి లేక పండించిరని, ఒక్కొక్కరినుండి కోటి రూపాయలకు మించిన పరిహారము కోరుచు వ్యాజ్యము వేసెను. నాలుగైదెకరముల రైతు కోటి రూపాయల దావా కాగితమును చేతబట్టుకొన్న రాత్రి యా యింట బొయ్యి వెలిగియుండునా? దేశమంతటను గగ్గోలు పుట్టగా మే నెలలో సంస్థ వ్యాజ్యములను వెనుకకు దీసికొనెను. పిమ్మట కవిత కురుగంటి యను, తెలుగింటిపేరు గల వనిత, ఆ రకపు నమోదునే ప్రశ్నించి యర్జీ పెట్టగా, చట్టముచే నేర్పడిన ప్రాధికారసంస్థ 2021 డిసెంబరులో నమోదును రద్దుచేసినది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము ఆ రద్దును కొట్టివేసెను. ఇందువలన 39వ సెక్షను చెడలేదు. అది చట్టములో నట్లే యున్నది. కాని యక్షరము నిలిచియున్నంత మాత్రమున రైతు నిలువడు. ఆ సెక్షనును చేతబట్టుకొని న్యాయస్థానమువఱకు నడచినవా రుండుటచేతనే వ్యాజ్యము వెనుకకు బోయెనని మా నమ్మకము.

మన ప్రాంతమునకే వత్తము. 2006లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, బీటీ ప్రత్తి విత్తనముపై మహికో మోన్‌శాంటో వసూలు చేయు సాంకేతిక రుసుము అన్యాయమని గుత్తవ్యాపార నిరోధక సంఘమున ఫిర్యాదు చేసెను. 1,600 రూపాయలకు మించిన 450 గ్రాముల పొట్లము 750 రూపాయలకు దిగినది. ఒక రాష్ట్రప్రభుత్వము పూనుకొనగా జరిగిన పని యిది. రైతు తానుగా బొందదగిన పరిహారము గూడ 2001 చట్టములో నున్నది: రక్షితరకము చెప్పిన ఫలసాయము నీయనిచో నష్టపరిహారము కోరవచ్చును. కాని కోరుటకు రశీదు కావలెను. అప్పుపై విత్తనము దెచ్చుకొనువాడు రశీదు అడుగుటకు మొగమోటపడును, ఇచ్చువాడును మఱచును. ఆ రైతు కొడుకు పట్టణములో కొన్న చెప్పులజోడునకు సయితము రశీదు దాచుకొనును, నాయన తెచ్చిన విత్తనపు సంచి కడుగడు.

రాజేంద్రనగరమున పరిశోధనాలయములును, పటాన్‌చెరువు ఇక్రిశాట్ శీతలగృహములలో లక్షకు మించిన నమూనాలును ఉండగా కుండలోని గింజకై విలపించుట యేల యని విజ్ఞానవేత్తల పక్షమున నడుగుదురు. ఆ శీతలగృహములయం దెంతయో గౌరవము మాకును గలదు. కాని యచ్చట గింజ నిదురించును. ఏటేట మాఱు వానకును, క్రొత్త తెగులునకును ఎదురునిలిచి తానును మాఱుట పొలములోని గింజకే సాధ్యము. దానిని కనిపెట్టి యేరు చేయి పక్కన నుండవలెను. మన దేశమున నా చేయి తఱచుగా స్త్రీది. ఆమె పని వంటయింటి పనిలో నొకటిగా లెక్కింపబడినందున, ఏ రిజిస్టరులోను ఆమె పేరు లేదు.

ఇట్లుండవలసిన పని లేదని జహీరాబాదు సమీపమున పస్తాపురపు స్త్రీలు చూపిరి. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో చేరిన వీరిలో దళితస్త్రీలే యెక్కువ. జొన్నలు, కొఱ్ఱలు, సామలు, కందులు, అనుములు గుమ్ములలోను కుండలలోను నిలువజేసి, విత్తనమును ఒకరి కొక రప్పిచ్చుకొందురు. తీసికొన్నవారు పంట వచ్చిన పిమ్మట ఎక్కువ కొలిచి తిరిగి యిత్తురు. రూపాయి మాట లేదు. ప్రతి సంక్రాంతికిని ఎడ్లబండ్లపై నీ విత్తనముల నెక్కించి పాతపంటల జాతర యని యూరూర ద్రిప్పుదురు. 2019లో ఈక్వేటర్ బహుమానము వీరి సొసైటీకి వచ్చినది. చదువు రానివా రింత చేయగా, విమానమెక్కి దేశములు చూచి వచ్చు మనము పుట్టినయూరి కంది రంగులు నాలుగు చెప్పగలమా?

ఈ హక్కు సదా పదిలముగా నుండునని గూడ నమ్మరాదు. 1966 నాటి విత్తన చట్టమునకు బదులుగా 2004లోను, 2019లోను, 2025లోను క్రొత్త ముసాయిదాలు వెలువడినవి. ప్రతిమాఱును రైతు గింజ నమోదు పరిధిలోనికి వచ్చునా, రాదా యను తగవు పుట్టుచునే యున్నది. అట్టి ముసాయిదాపై నభిప్రాయములు వ్రాసి పంపుటకు గడువు కొద్దిదినములే యుండును. ఇంగ్లీషు చదివినవారు చదివి తెలుగున చెప్పనిచో ఆ గడువు పల్లెకు దెలియకయే ముగియును. ఇది ప్రభుత్వము తప్పని మేము వదలము. మన తప్పును గలదు.

కావున చదువరులను మేము కోరునది స్వల్పము. మీ తల్లియో, అత్తగారో, మేనత్తయో యింటనుంచిన పాతవిత్తన మేదైన నున్నచో, దాని పేరు, గింజ రంగు, పంటకాలము, ఎవరినుండి యెవరికి వచ్చినది, ఏ నేలకు సరిపడునది యను వివరములు ఆమె నోటనే విని, ఆమె పేరుతో వ్రాసియుంచుడు. అమ్మివేయనున్న పొలమైనచో, అమ్మకముకంటె ముందుగా విత్తనమును సాగు చేయగల పొరుగువారికి దోసెడైన నందజేయుడు. ఆ వివరములను పంచాయతీలో నుంచుటయు, ప్రాధికారసంస్థకు దరఖాస్తు నింపుటయు చదువుకొన్న పిల్లలు ఒకటి రెండు దినములలో జేయగలిగిన పని. ఆ ముసలమ్మ పచ్చజొన్న రెండు పిడికెళ్లు మాకును ఇచ్చినది. మా మేడపై మొలిచినది గాని, కంకి పెద్దది కాలేదు. మిగిలిన గింజను చేవెళ్లవైపు సాగు చేయు నొక సోదరి కిచ్చితిమి. వచ్చు మృగశిరలో విత్తెదనని చెప్పినది.