డ్రాగన్ ఫ్రూట్ ఎడారి మొక్క కాదు: ముదురుతున్న ఎండల్లో లేత మొక్కలను కాపాడుకోవడం ఎలా?

మార్చి దాటితే చాలు, డ్రాగన్ ఫ్రూట్ తోటల్లో ఒకటే దృశ్యం కనిపిస్తోంది. పచ్చగా ఉండాల్సిన కాడలు పడమర వైపు పసుపు రంగుకు తిరుగుతాయి. మరో పది రోజులకు ఆ భాగం తెల్లగా పాలిపోయి, తర్వాత గోధుమ రంగులో బెరడు కడుతుంది. కొత్తగా నాటిన కటింగ్స్ అయితే వేరు పట్టకముందే మెత్తబడి కుళ్లిపోతాయి. చాలామంది రైతులు దీన్ని తెగులు అనుకుని మందుల దుకాణానికి పరుగెడుతున్నారు. కానీ మొదట తగిలేది ఎండదెబ్బ, తెగులు దాని వెనుక వస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో గత కొన్నేళ్లుగా చిన్న రైతులు కూడా అర ఎకరం, ఎకరం చొప్పున ఈ పంట వేస్తున్నారు. మొక్కలు అమ్మేవారు చెప్పే మాట ఒక్కటే: "ఇది బ్రహ్మజెముడు జాతి, ఎడారి మొక్క, ఎండకు ఏమీ కాదు." ఈ మాటలో సగమే నిజం ఉంది. మిగతా సగం తెలియకనే రైతు నష్టపోతున్నాడు.

ఇది అడవి నీడలో పుట్టిన మొక్క

డ్రాగన్ ఫ్రూట్ కాక్టస్ కుటుంబానికి చెందినదే. అయితే దాని పుట్టిల్లు ఎడారి కాదు, మధ్య అమెరికా ప్రాంతపు ఉష్ణమండల అడవులు. అక్కడ ఇది పెద్ద చెట్లను పట్టుకుని, కొమ్మల సందుల్లోంచి వడకట్టిన వెలుగులో పైకి పాకుతుంది. పగలు 30 డిగ్రీలు, రాత్రి 20 డిగ్రీల వరకు ఉంటే బాగా పెరుగుతుంది. పగటి వేడి 40 డిగ్రీలు దాటితే ఆహారం తయారు చేసుకోవడం దాదాపు ఆపేస్తుంది. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారి ప్రాంతంలో ఈ పంటను షేడ్ నెట్ల కింద పెంచడానికి కారణం ఇదే.

ఇంకో విషయం కూడా గమనించాలి. వరి, మిరప వంటి మొక్కలు పగటిపూట ఆకుల ద్వారా నీటిని ఆవిరి చేస్తూ తమను తాము చల్లబరుచుకుంటాయి. డ్రాగన్ ఫ్రూట్ నీటిని పొదుపు చేయడానికి పగలు తన రంధ్రాలను మూసి, రాత్రి తెరుస్తుంది. అందువల్ల మధ్యాహ్నం మండే ఎండలో దానికి చెమట పట్టే దారి లేదు. కాడలో చేరిన వేడి అక్కడే ఉండిపోతుంది. బాగా వేరు పట్టిన ముదురు తోట కొంత తట్టుకుంటుంది. వేర్లే లేని కటింగ్ తట్టుకోలేదు.

టీవీలో చెప్పే 42 డిగ్రీలు మీ మొక్కకు 42 కాదు

2024 సంవత్సరం 1901 నుంచి లెక్కిస్తే మన దేశంలో అత్యంత వేడి సంవత్సరంగా నమోదైంది. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయి కంటే 1.5 డిగ్రీలకు మించి పెరిగిన తొలి క్యాలెండర్ సంవత్సరం కూడా అదే. ఫిబ్రవరి నెల కూడా చల్లగా ఉండటం లేదు. 2023, 2025 ఫిబ్రవరి నెలలు రెండూ రికార్డు స్థాయి వేడితో గడిచాయి. అంటే మొక్క ఎండకు అలవాటు పడే వ్యవధి తగ్గిపోతోంది. రామగుండం, ఖమ్మం, నల్లగొండ, రెంటచింతల వంటి చోట్ల వేసవి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే వడగాడ్పుగా ప్రకటిస్తుంది. 45 డిగ్రీలు తాకితే మామూలుతో పోల్చకుండానే వడగాడ్పుగా లెక్క. అయితే ఈ అంకెను గాలి ఆడే తెల్లటి పెట్టెలో, నీడలో, నేలకు సుమారు 4 అడుగుల ఎత్తులో కొలుస్తారు. మీ కటింగ్ ఉన్నది నేల దగ్గర, నేరుగా ఎండలో, కాలిన సిమెంటు స్తంభం పక్కన. అక్కడి వేడి టీవీలో చెప్పిన అంకె కంటే చాలా ఎక్కువ. కాబట్టి హెచ్చరిక 45కు వచ్చేదాకా ఆగకూడదు. సూచన 38 డిగ్రీలు దాటగానే నీడ సిద్ధంగా ఉండాలి.

లెక్క వేసుకుంటే ఎంత నష్టం?

వరుసల మధ్య 3 మీటర్లు, స్తంభాల మధ్య 3 మీటర్లు దూరం పెడితే ఎకరానికి సుమారు 450 స్తంభాలు వస్తాయి. స్తంభానికి 4 మొక్కల చొప్పున 1,800 మొక్కలు కావాలి. మొక్క ధర 40 రూపాయలు అనుకున్నా మొక్కలకే 72 వేలు. అందులో నాలుగో వంతు ఎండకు పోతే 18 వేల రూపాయలు నేరుగా నష్టం. అంతకంటే పెద్ద నష్టం కాలం. చనిపోయిన మొక్క స్థానంలో మళ్లీ నాటితే ఆ స్తంభం కాపుకు రావడం దాదాపు ఒక ఏడాది వెనక్కి పోతుంది. స్తంభాలకు, డ్రిప్‌కు తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు.

నాటే ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

• మార్చి నుంచి మే వరకు కటింగ్స్ పొలంలో నాటకూడదు. తొలకరి పడి నేల చల్లబడ్డాక జూన్, జూలైలో, లేదా వర్షాలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరులో నాటుకోవాలి.

• ఆర్డరు ఇచ్చేటప్పుడే మొక్కలు ఎప్పుడు పంపాలో రాయించుకోవాలి. "స్టాక్ అయిపోతుంది, ఇప్పుడే తీసుకోండి" అంటే ఏప్రిల్‌లో తీసుకోవద్దు. ఎండలో లారీలో, బస్సు పార్శిల్‌లో వచ్చిన మొక్క అప్పటికే సగం దెబ్బతిని ఉంటుంది.

• సొంత తోట నుంచి తీస్తే ముదురు, ఆరోగ్యమైన కాడలు ఎంచుకుని 20 నుంచి 30 సెం.మీ. ముక్కలు చేయాలి. కోసిన చివరను లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన ద్రావణంలో ముంచాలి. తర్వాత 5 నుంచి 7 రోజులు గాలి ఆడే నీడలో ఆరబెట్టాలి. కోత గట్టిపడకుండా తడి మట్టిలో పెడితే వేసవిలో కుళ్లు తప్పదు.

• తల్లి మొక్క మీద ఉన్నప్పుడు ఎండ తగిలిన వైపు ఏదో పెయింటు చుక్కతో గుర్తు పెట్టుకోవాలి. నాటేటప్పుడు ఆ వైపునే పడమరకు తిప్పాలి. నీడలో పెరిగిన వైపు ఒక్కసారిగా సాయంత్రపు ఎండకు ఎదురైతే ముందుగా కాలేది అదే.

ఎండకు అలవాటు చేయడం

నర్సరీలో 50 శాతం షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చి మరునాడే పొలంలో నాటడం చాలామంది చేసే తప్పు. సంచుల్లోని మొక్కలను ముందుగా చెట్టు నీడలోనో పందిరి కిందో ఉంచాలి. మొదటి వారం ఉదయం 9 గంటల వరకు మాత్రమే ఎండ తగలనివ్వాలి. రెండో వారం 11 వరకు పెంచాలి. మూడో వారం చివరికి మొక్క పొలానికి సిద్ధమవుతుంది. ఈ మూడు వారాల ఓపిక తర్వాతి మూడు నెలల కష్టాన్ని తప్పిస్తుంది.

పొలంలో నీడ: ఉన్నంతలో ఎలా?

ఎకరమంతా షేడ్ నెట్ కప్పాలంటే 4 వేల చదరపు మీటర్లకు పైగా కావాలి. చిన్న రైతుకు అది భారమే. వరుసల మీద మాత్రమే 4 అడుగుల వెడల్పు పట్టీగా వేస్తే సుమారు 1,650 చదరపు మీటర్లతో పని జరుగుతుంది. 35 నుంచి 50 శాతం నీడనిచ్చే తెలుపు లేదా ఆకుపచ్చ నెట్ సరిపోతుంది. అంతకంటే దట్టమైన నీడలో కాడలు సన్నగా, పొడవుగా సాగి బలహీనపడతాయి. నెట్ మొక్కకు ఆనకుండా కనీసం 2 అడుగుల ఎత్తులో ఉండాలి. రోహిణి కార్తెలో వచ్చే ఈదురుగాలులకు చిరగకుండా తీగతో గట్టిగా బిగించాలి. వర్షాలు కుదురుకున్నాక మబ్బు పట్టిన రోజు చూసి తీసేయాలి. అలాగే వదిలేస్తే పూత తగ్గుతుంది.

నెట్ కొనలేని వారు తొలి ఏడాది మొక్కలకు తాటాకు, కొబ్బరి మట్ట, పాత గోనె సంచి వాడొచ్చు. స్తంభం చుట్టూ ఉన్న నాలుగు మొక్కల్లో తూర్పు వైపు మొక్కకు మధ్యాహ్నం తర్వాత స్తంభం నీడ దొరుకుతుంది. పడమర వైపు మొక్కే ఎక్కువగా కాలుతుంది. అన్నిటికీ కాకపోయినా పడమర వైపు తాటాకు పాతితే సగం రక్షణ దొరికినట్టే.

స్తంభాన్ని, పైన పెట్టిన పాత టైరును మరవొద్దు. నల్లటి టైరు మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. దాని మీద వాలిన కాడ తాకిన చోటే మాడుతుంది. మార్చి మొదటి వారంలోనే స్తంభాలకు, టైర్లకు సున్నం కొట్టాలి. కాడ ఆనే చోట గోనె పట్టా చుట్టాలి.

శాశ్వత పరిష్కారం కోరుకునేవారు వర్షాకాలంలోనే పొలం పడమర గట్టున అవిసె, మునగ నాటుకోవాలి. ఇది మనకు కొత్త కాదు. తమలపాకు తోటల్లో అవిసె చెట్టును తీగకు ఊతంగా, నీడగా మన పెద్దలు ఎప్పటి నుంచో పెంచుతున్నారు. పాడేరు ఏజెన్సీలో మిరియాల తీగ సిల్వర్ ఓక్ చెట్లను పట్టుకుని, ఆ నీడలోనే కాస్తుంది. తమలపాకు, మిరియం, డ్రాగన్ ఫ్రూట్ మూడూ పాకే మొక్కలే, మూడూ వడకట్టిన వెలుగు కోరేవే. నీడ లేకుండా మనం నాటింది మూడోదాన్ని మాత్రమే.

కయోలిన్ పిచికారీ

కయోలిన్ అంటే మెత్తటి తెల్ల మట్టి పొడి. కాడల మీద పల్చటి పొరగా నిలిచి ఎండను తిప్పికొడుతుంది. లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున, 16 లీటర్ల ట్యాంకుకు 800 గ్రాములు కలపాలి. గుడ్డతో వడకట్టి, కొద్దిగా జిగురు మందు చేర్చి, ఉదయం లేదా సాయంత్రం పడమర వైపు, పైభాగం బాగా తడిసేలా పిచికారీ చేయాలి. పొడి అడుగున పేరుకుంటుంది కాబట్టి ట్యాంకును మధ్యమధ్యలో కలుపుతుండాలి. వాన పడి కడిగేస్తే మళ్లీ కొట్టాలి. ఇది ఎండకు ముందు వేసే రక్షణ. కాలిన కాడను బాగుచేసే మందు కాదు.

నీరు: ఎక్కువ పెడితే రెండో దెబ్బ

కాడ ముడుచుకుంటే రైతు చేయి వెంటనే మోటారు మీదకు వెళ్తుంది. వేడి నేలలో నీరు నిలిస్తే వేరు ఉడికి, మొదలు కుళ్లుతుంది. మొదలు దగ్గర 2 అంగుళాల లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూడాలి. ఉండ కడితే నీరు అక్కర్లేదు. పొడిగా రాలితేనే ఇవ్వాలి. కొద్దికొద్దిగా, సాయంత్రం పూట డ్రిప్ ద్వారా ఇవ్వడం మేలు. రాత్రి పని చేసే మొక్కకు ఆ వేళ నీరు బాగా ఉపయోగపడుతుంది. మధ్యాహ్నం డ్రిప్ వదలకూడదు. ఎండలో పడి ఉన్న నల్ల పైపుల్లోని నీరు వేడెక్కి ఉంటుంది.

మొదలు చుట్టూ 3 నుంచి 4 అంగుళాల మందాన వరిగడ్డి లేదా వేరుశనగ పొట్టు పరచాలి. కాడకు మాత్రం తగలకుండా బెత్తెడు దూరం వదలాలి. చెదలు కనిపిస్తే ఆ పొరను తీసి మార్చాలి. ఎండలు తగ్గేదాకా యూరియా వేయొద్దు, కొమ్మలు కత్తిరించొద్దు, గంధకం మందులు కొట్టొద్దు. ఎండలో గంధకమే మొక్కను కాలుస్తుంది.

ఎండదెబ్బా? తెగులా?

పసుపు ఒకే వైపు, ఎండ తగిలే భాగంలో మాత్రమే ఉండి, కాడ గట్టిగా ఉంటే అది ఎండదెబ్బ. నీడ ఇస్తే, వానలు పడితే చాలావరకు మళ్లీ పచ్చబడుతుంది. దాన్ని కోయొద్దు. బెరడు కట్టిన భాగం పచ్చబడదు, అయినా కాడ బతుకుతుంది. గుండ్రటి మచ్చలు అన్ని వైపులా వ్యాపిస్తున్నా, కాడ మెత్తబడి నీరు కారుతున్నా అది తెగులు. కాలిన చోటు నుంచే కాండం మచ్చ శిలీంధ్రం, కుళ్లు సులువుగా లోపలికి దూరతాయి. అలాంటి భాగాన్ని శుభ్రమైన కత్తితో కింది ఆరోగ్యమైన భాగం వరకు కోసి, కోత మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ పేస్టు పూయాలి. కోసిన ముక్కలను తోటలో పడేయకుండా పాతిపెట్టాలి.

సాయం ఎక్కడ ఆగిపోతోంది?

ప్రభుత్వ దృష్టి ఈ పంట మీద ఉంది. కర్ణాటకలోని హిరేహళ్లిలో డ్రాగన్ ఫ్రూట్ కోసం ప్రత్యేక కేంద్రానికి 2023లో కేంద్రం ఆమోదం తెలిపింది. పాలీహౌస్, షేడ్ నెట్ హౌస్ కట్టుకునేవారికి ఉద్యాన మిషన్ కింద రాయితీ ఉంది. కానీ ఆరుబయట స్తంభాల మీద నాలుగు నెలలు నెట్ కట్టుకునే చిన్న రైతుకు కావాల్సింది పెద్ద నిర్మాణం కాదు, రెండు మూడు నెట్ చుట్టలు. పథకం లెక్కకు, పొలం అవసరానికి మధ్య దూరం ఇక్కడే ఉంది.

2025లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అది ప్రాణనష్టానికి ఇచ్చే సాయం, ఎండకు పోయిన మొక్కలకు కాదు. వాతావరణ ఆధారిత పంటల బీమా కూడా ఆ ప్రాంతంలో నోటిఫై చేసిన పంటలకే వర్తిస్తుంది. కాబట్టి నాటకముందే ఉద్యాన అధికారిని మూడు ప్రశ్నలు అడగాలి: ఈ పంటకు మన దగ్గర బీమా ఉందా? రాయితీలో నెట్ ఖర్చు కలుస్తుందా? దరఖాస్తు నాటడానికి ముందా, తర్వాతా?

కృషి విజ్ఞాన కేంద్రాల్లో పనిచేసిన జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు 2024లో మూతపడ్డాక సూచనల కోసం రైతే వెతుక్కోవాల్సి వస్తోంది. మేఘదూత్ యాప్‌లో తెలుగులో జిల్లా వాతావరణ సూచనలు, పంట సలహాలు ప్రతి మంగళ, శుక్రవారాల్లో వస్తాయి. ఫోన్‌లో పెట్టుకోవాలి. వచ్చే ఐదు రోజుల ఎండ ముందే తెలిస్తే తాటాకు పాతడానికి ఒక్క సాయంత్రం చాలు.

ఎండను ఎవరూ తగ్గించలేరు. ఏ నెలలో నాటాలి, ఏ వైపు తిప్పాలి, పడమరన ఏం అడ్డం పెట్టాలి అన్నవి మాత్రం రైతు చేతిలో ఉన్నవే. ఈ వేసవికి తాటాకు, సున్నంతో గట్టెక్కండి. ఈ తొలకరికి మాత్రం గట్టున పది అవిసె మొక్కలు నాటడం మరవకండి.